పాటయ్యాకే దిగాలి

మనోంగ్ సెవెరో, అంటే సెవెరో అన్న, జనాన్నెక్కించుకుని నడిపే జీప్నీ బండి మనం ఆపమన్నచోట ఆగదు. పాట అయిపోయినచోట ఆగుతుంది. బాగియో కొండల్లో దిగాల్సినవాళ్ళు కప్పు మీద టకటకా కొడతారు, డ్రైవరు బ్రేకు వేస్తాడు. ఊరంతా జరిగేది ఇదే. సెవెరో మాత్రం అద్దంలోంచి ఓ చూపు చూసి, చరణం మధ్యలో లేచిపోతే పాడినవాడు ఏమనుకుంటాడని అడిగి బండి పోనిస్తాడు. పాడినవాడు పోయి చాలా ఏళ్ళయిందని ఎవరైనా గుర్తుచేస్తే, అయితే ఇంకాస్త మర్యాదగా కూర్చోమంటాడు.

ప్రతి ఆదివారం కూర్చుని వారానికి సరిపడా ఓ పాటల మిక్స్ తయారుచేస్తాడు. అన్నీ అరవైల, డెబ్భైల నాటి పాటలే. ఒక మనిషి, ఒక గిటారు. తనే రాసుకుని తనే పాడుకోవాలి. ఇంకొకరు రాసింది పాడటమంటే ఇంకొకరి కట్టుడుపళ్ళు పెట్టుకోవడమేనని అతని అభిప్రాయం. ప్రతి మిక్సుకీ ఓ విషయం ఉండి తీరాలి. దాన్ని అట్టముక్క మీద రాసి రూటు బోర్డు పక్కన వేలాడదీస్తాడు. ఓ వారం ‘నీళ్ళ ట్యాంకరు రాని ఇళ్ళకు’, ఓ వారం ‘గొడుగు మరిచిపోయినవాళ్ళకు’, వాళ్ళావిడ తల్లి వచ్చినప్పుడు ‘చుట్టాలు ఎప్పుడు వెళ్తారు?’. పాటకీ పాటకీ మధ్య నిశ్శబ్దం కూడా మిక్సులో భాగమే. దిగేవాళ్ళు అందులోనే, చప్పుడు చెయ్యకుండా దిగాలి. ఓసారి చర్చి ఫాదరుగారు ఆ నిశ్శబ్దంలో తుమ్మితే ఆయన్ని కూడా అద్దంలోంచి ఉరిమి చూశాడు.

పాపం, జనం ఏం చేస్తారు? పాటలు నేర్చుకున్నారు. ఏ పాట ఎక్కడ ముగుస్తుందో తెలిస్తేనే ఇల్లు చేరేది. సోమవారం ఒకటి రెండు చోట్ల దాటిపోయినా, మంగళవారానికల్లా పేట మొత్తానికి మిక్స్ నోటికొచ్చేసేది. ఆఖరి పల్లవి మొదలవగానే కప్పు కొట్టి, మూటాముల్లే సర్దుకుని లేచి నిలబడేవాళ్ళు.

వారం వారం అన్నీ మారినా చర్చి దగ్గర ముగిసే చివరి పాట మాత్రం మారేది కాదు. ఎవరో ఆడమనిషి గొంతు. ‘మంచు విడితే మా గుమ్మం కనిపిస్తుంది’ అని పాడేది. గొడుగులకైనా, చుట్టాలకైనా అదే పాట. ఎవరిదని అడిగితే, టైమొచ్చినప్పుడు చెప్తాననేవాడు.

ఈ పాటల యోగం పేటలో ఒక్క మనంగ్ క్రెసింగ్‌కు, అంటే క్రెసింగ్ అక్కకు, మాత్రం లేదు. ఆవిడకు మార్కెట్టులో పాతబట్టల కొట్టుంది. ఆవిడ మెట్టు మీద కాలు పెట్టగానే సెవెరో చెయ్యి చటుక్కున మీట మీదికి పోయేది. పాట ఆగిపోయేది. ఆవిడ బండిలో ఉన్నంతసేపూ ఎవరు ఎక్కడ కప్పు కొడితే బండి అక్కడే ఆగేది. తక్కినవాళ్ళకు అది పండగే. చేపలమ్మే లూర్దింగ్ అయితే, రేపు కూడా ఇదే బండికి రమ్మని ఆవిణ్ణి బతిమాలేది.

క్రెసింగ్‌కు మాత్రం ఒళ్ళు మండేది. ఓ రోజు అడిగేసింది.

“నేనెక్కితే నీ పాటలకు మైల అంటుతుందా సెవెరో?”

“అదేం లేదు మనంగ్. మీకు నచ్చవేమోనని.”

“నాకేం నచ్చుతాయో నీకెవరు చెప్పారు?”

సెవెరో చెవులు ఎర్రబడ్డాయి. పాట లేకపోయేసరికి ఎక్కడ ఆపాలో తెలీక ఆ రోజు చర్చి దాటి చాలా దూరం పోయాడు.

పాటలంటే ఆవిడకు ఎంత ఇష్టమో ఎవరికీ తెలీదు. వయసులో ఉన్నప్పుడు సెషన్ రోడ్డులో గిటారు పట్టుకుని తను రాసినవే పాడేది. క్యాసెట్టు కూడా వేసింది. రెండే అమ్ముడుపోయాయి. ఒకటి చెల్లెలు కొంది. రెండోది ఎవరు ఏ పొరపాటున కొన్నారో తెలీదు. చివరిసారి పాడినప్పుడు మధ్యలోనే జనం కుర్చీలు జరుపుకుని లేచిపోయారు. ఆ కుర్చీల చప్పుడు ఆవిడ చెవుల్లో అలాగే ఉండిపోయింది. గిటారు బీరువా ఎక్కింది. ఈమధ్య మార్కెట్టులో ఎవరో తన పాటే కూనిరాగం తీస్తున్నట్టు అనిపిస్తే, వయసు మీద పడిందనుకుని మిరియాల కషాయం తాగింది.

ఆ ఏడు పేట జాతర ఫియెస్టా రోజున ఘాటు రోడ్డులో కొండచరియ విరిగిపడి, పాడాల్సిన బృందం అవతలే ఆగిపోయింది. పేటకు పెద్ద అయిన కెప్టెన్ ఎవరిస్టా పరుగున క్రెసింగ్ ఇంటికొచ్చింది.

“మనంగ్, మీరు పాడతారట కదా. సెవెరో చెప్పాడు.”

“ఎప్పుడో పాడాను. జనం లేచిపోయారు.”

“లేచిపోరు. అక్కడ పంది ఇంకా కాలుతోంది, భోజనాలు కాలేదు.”

ఇంతకంటే గట్టి హామీ ఏ గాయకురాలికీ దొరకదు. క్రెసింగ్ చాలాసేపు బీరువా పైకి చూసి, స్టూలు వేసుకుని గిటారు దించింది.

వేదిక ఎక్కి, జనాన్ని చూసే ధైర్యం లేక కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. రెండో వరుసకు ఇంకో గొంతు కలిసింది. మూడో వరుసకు పది కలిశాయి. కళ్ళు తెరిచి చూస్తే పేట పేటంతా పాడుతోంది. ఫాదరుగారు కూడా. అప్పటికప్పుడు ఎలా నేర్చుకున్నారో ఆవిడకు అంతుపట్టలేదు.

ఆఖరి పల్లవి వచ్చింది. టకటకమని కుర్చీల మీద కొట్టి జనమంతా ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. లూర్దింగ్ బుట్ట నెత్తికెత్తుకుని నాలుగడుగులు వేసింది కూడా. క్రెసింగ్‌కు ఆ పాత కుర్చీల చప్పుడే వినిపించింది. మళ్ళీ లేచిపోతున్నారు.

“ఎక్కడికి పోతారు? ఇదేమన్నా జీప్నీయా? కూర్చోండి!” వేదిక పక్కనుంచి సెవెరో అరిచాడు.

అప్పుడు గాని జనానికి సోయి రాలేదు. ఒకరి మొహాలొకరు చూసుకుని పగలబడి నవ్వారు. రోజూ బండిలో చివరి పాటలో వినే ఆ గొంతు ఎవరిదో అందరికీ ఒకేసారి తెలిసింది. మళ్ళీ పాడమని గోల. ఆవిడ మళ్ళీ పాడింది, మళ్ళీ అక్కడే అందరూ లేచారు, ఈసారి కావాలనే. పంది మాడి బొగ్గయినా ఎవరూ పట్టించుకోలేదు.

దిగి వచ్చి క్రెసింగ్ అతన్ని పట్టుకుంది.

“ఆ రెండో క్యాసెట్టు నువ్వు కొన్నావా?”

“అవును మనంగ్.”

“మరి నేనెక్కితే ఎందుకు ఆపేసేవాడివి?”

“వింటే తీసెయ్యమంటారు. మీ మాట కాదనలేను. అందరికీ నోటికొచ్చేదాకా ఆగాలి కదా.”

క్రెసింగ్ గిటారు అతని చేతిలో పెట్టి, మొయ్యమని ముందు నడిచింది.

మర్నాడు క్రెసింగ్ మెట్టు మీద కాలు పెట్టింది. సెవెరో చెయ్యి మీట మీదికి పోలేదు. మార్కెట్టు రాగానే ఆవిడ కప్పు కొట్టింది. బండి ఆగలేదు. మళ్ళీ కొట్టింది.

“పాట అవ్వనీండి మనంగ్.”

“అది నా పాటేరా!”

“అయితే అసలు ఆపను” అన్నాడు సెవెరో. లూర్దింగ్ పక్కకు జరిగి ఆవిడకు చోటిచ్చింది. ఆ రోజు పాతబట్టల కొట్టు ఆలస్యంగా తెరుచుకుంది.