వంగని రాజుగారు

ఆయన ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తా. సాయంత్రమైతే రాజు. వాళ్ల నాటక సమాజం ఏటా వేసే విషాద నాటకంలో అనుమానంతో రాణిని చంపి, తప్పు తెలిశాక కూడా తల వంచకుండా నిలబడి ఉండగానే ప్రాణం విడిచే రాజు. జుట్టు నల్లగా ఉన్న రోజుల నుంచీ ఆ వేషం ఆయనదే. రాణి వేషం ఆయన భార్యది. బయట కూడా అందరూ ఆయన్ని రాజుగారనే పిలుస్తారు. ఆవిడను మాత్రం ఎవరూ రాణి అన్న పాపాన పోలేదు.

ఆ నిటారు నడక చూసి జనం మురిసిపోయేవారు. "మగాడంటే అలా ఉండాలి!" అనుకునేవారు. వాళ్లకేం తెలుసు? మోకాళ్లు అరిగిపోయి ఎప్పుడో వంగడం మానేశాయి. ఆఫీసు మెట్లు గోడ పట్టుకుని, ఎవరూ చూడకుండా ఎక్కేవాడు. ఇంట్లో తలుపు గడియపెట్టి భార్య నూనె రాసేది. జనం పొగిడిన పౌరుషంలో సగం కీళ్లనొప్పులే.

ఈసారి కొత్త డైరెక్టరు వచ్చాడు.

"మాస్టారూ, చివర్లో రాజు రాణి శవం పక్కన మోకాళ్ల మీద పడి ఏడవాలి. అలాగే పోవాలి."

వంగలేనంటే వేషమూ పోతుంది, పరువూ పోతుంది. అందుకని రాజుగారు మగతనాన్ని అడ్డుపెట్టుకున్నాడు.

"మగాడు ఆడదాని ముందు మోకరిల్లడమా? చచ్చినా చెయ్యను!"

"చచ్చేముందే చెయ్యమంటున్నానండీ. కాదంటే చెప్పండి, ఇంకొకర్ని చూసుకుంటా."

రిహార్సల్సు ఏవో సాకులతో నెట్టుకొచ్చాడు. నాటకం రోజు తప్పలేదు. పంటి బిగువున కుప్పకూలాడు. నోట్లోంచి వచ్చిన కేకకు హాలంతా కళ్లు తుడుచుకుంది. పశ్చాత్తాపం అనుకున్నారు, వెర్రి జనం.

తెర పడింది. ఆ సమాజంలో ఆనవాయితీ ఏమిటంటే, తెర మళ్లీ లేచేసరికి రాజు ఒక్కడే నిలబడి నమస్కారం పెట్టాలి. బయట చప్పట్లు ఆగడం లేదు. లోపల ఈయన లేవలేకపోతున్నాడు.

"తెర తియ్యొద్దని చెప్పవే," అన్నాడు భార్యతో. "ఆడది లేపితే లేచాడంటారు. ఇక తలెత్తుకోలేను."

పక్కనే చచ్చిపడి ఉన్న భార్య లేచి, చీర దులుపుకుని, ఆయన చంకల కింద చేతులు వేసింది.

"ఏటా మీరు నన్ను చంపుతూనే ఉన్నారు, నేను నా అంతట నేనే లేస్తున్నాను. ఒక్కనాడైనా చెయ్యందించారా? ఊఁ, బరువు నా మీద వెయ్యండి."

రాజుగారికి సిగ్గేసింది. హాల్లోవాళ్లను తలుచుకుని కాదు. ఆవిడ భుజం పట్టుకుని మెల్లగా లేవబోయాడు. అప్పటికే తెర లేచిపోయింది. ఆయన చెయ్యి తియ్యలేదు.