మాగణి, మాగాణి

ఈ మధ్య ఒక సాయంత్రం నాందేడ్‌లోని మా ఇంట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తుంటే, టీవీలో మరాఠీ వార్తలు వస్తున్నాయి. శాస్త్ర సాంకేతికం, నవకల్పన, ఆర్థికాభివృద్ధి అంటూ శాఖల పేర్లు వరసగా చదివి, ఆ శాఖల మాగణులన్నీ శాసనసభ చర్చ లేకుండానే ఆమోదించిందని చెప్పి, వెంటనే ఎండల సంగతికి వెళ్ళిపోయారు. వచ్చే ఏడాదికి తనకేం కావాలో ప్రతి శాఖా సభ ముందు పెట్టే కోరికను మరాఠీలో మాగణి అంటారు. ఆ మాట చెవినపడగానే నేను పక్క మంచం వైపు తిరిగాను. అవ్వ, అంటే మా అమ్మ, పోయిన వానాకాలంలో పోయింది. ఈ తిరగడం మాత్రం నాకింకా పోలేదు.

నేను ఉద్యోగమంతా ఇక్కడి ఒక చిన్న వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చేశాను, మొదట టైపిస్టుగా, తర్వాత గుమస్తాగా. మాది బిలోలి దాటాక మంజీరకు దగ్గరగా ఉండే ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. తెలుగు అక్షరాలు నేను ఉద్యోగంలో చేరాకే, నిజామాబాద్ బస్సులో ఎవరైనా తెచ్చిన వారపత్రికలు ముందు పెట్టుకుని నేర్చుకున్నాను. మీలో చాలామందికి పలకతోనే అబ్బిన పని నాకు జీతం వచ్చాక అబ్బింది. మాకు సొంత భూమి లేదు. బాపు నా చిన్నతనంలోనే పోతే అవ్వ ఇతరుల పొలాల్లో నాట్లకూ కోతలకూ పోయింది. ఊళ్ళో మా వాడ నుంచి పదో తరగతి దాటిన మొదటి ఆడపిల్లను నేనే.

చలి మొదలవగానే మా కేంద్రంలో మాగణి పని మొదలయ్యేది. ఒకరికి విత్తనాలు ఆరబెట్టే యంత్రం కావాలి, ఒకరికి అడవిపందులు రాకుండా కంచె కావాలి, ఒకరికి పురుగులను పెంచి చూడడానికి గది కావాలి. పైవాళ్ళు సగం కోస్తారని తెలుసు కాబట్టి అందరూ రెండింతలు అడిగేవారు. రెండింతలు అడుగుతారని పైవాళ్ళకూ తెలుసు కాబట్టి వాళ్ళు నిశ్చింతగా కోసేవారు. మా పెద్ద సాహెబ్ ఒక్కడే ఎంత కావాలో అంతే రాయించేవాడు, అందుకని మాకు ఎప్పుడూ కావలసినదానిలో సగమే వచ్చేది. సాహెబ్ ఎన్నడూ సంతకు పోయి కూరగాయలు బేరం చేసినవాడు కాదని గుమస్తాలు నవ్వుకునేవారు. నేను ఎక్కడైనా 'అత్యంత ఆవశ్యకం' అని టైపు చేస్తే ఆయన కొట్టేసి 'కావాలి' అని రాసేవాడు. కావాలంటే ఎందుకు కావాలో చెప్పాలి, అంతకుమించి చెప్పకూడదు అనేవాడు. నాకు రాయడం ఏమైనా వచ్చిందంటే ఆ కొట్టివేతల వల్లే వచ్చింది.

ఒక ఏడాది ఆయన మా ఊరి పేరు రాయించాడు. మంజీర ఒడ్డు నేలకు ఏ వరి రకాలు సరిపోతాయో నాందేడ్‌లో కూర్చుని తేల్చలేమని, ఊరి గైరాన్‌లో, అంటే పశువులు మేసే సర్కారు భూమిలో, వాగు పక్కన కొన్ని మళ్ళు వేసి చూడాలని ఆయన ఆలోచన. అడిగినదేదో ఎవరి కోసం అడిగామో వాళ్ళకు చెప్పి రావడం ఆయన పద్ధతి. జీపులో వెళ్ళి, జనాన్ని పోగుచేసి, మీ ఊరి మాగణి పంపించానని మరాఠీలో చెప్పి వచ్చాడు. నేను ఆ రోజు ఇక్కడ టైపు మిషన్ దగ్గరే ఉన్నాను.

మా వైపు వరి పండే తడి భూమిని పెద్దవాళ్ళు మాగాణి అంటారు. అవ్వకు మరాఠీ కూలి మాట్లాడుకునేంత, బస్సులో తగాదా పెట్టుకునేంత వచ్చు; సర్కారు కచేరీ మాటలతో ఆమెకు ఎన్నడూ పని పడలేదు. అవ్వకు అక్క అయిన మా పెద్దమ్మకేమో మాగణి అంటే పెండ్లికి పిల్లను అడగడం, మరాఠీలో దాన్నీ అదే మాటతో అంటారు కాబట్టి. తర్వాతి శనివారం నేను వెళ్ళేసరికి వాకిట్లో ఇద్దరూ తగువులో ఉన్నారు.

"సర్కారుకు పెండ్లాం లేదా ఏందే, మనూరికి మాగణి తెచ్చింది? పిల్లెవరో జెప్పున్రి, పసుపు నూరుత" అంటోంది పెద్దమ్మ.

"నీకు ముసల్తనంల గూడ పెండ్లి ముచ్చట్లే. మాగాణి పంపిన అన్నడు సాబు, నా చెవులార ఇన్న" అంది అవ్వ.

భూమిని ఎట్లా పంపుతారే అవ్వా అని నేనడిగితే, "రైలును పంపుతది, ఓట్ల పెట్టె పంపుతది, భూమి పంపదా సర్కారు?" అని నన్నే చూసి నవ్వింది. ఆమె రెండు చేతుల నిండా ముళ్ళ గీతలు. నా చెయ్యి పట్టుకుని గైరాన్‌కు తీసుకుపోయింది. వాగు పక్కన తుమ్మకంప కొట్టి, ఒక చిన్న మడి అంత నేల శుభ్రం చేసి పెట్టుకుంది. గీడ నారు పోస్త, గాడికెల్లి నీళ్ళు మలుపుత అని చూపించింది. ఎప్పుడూ పరాయి మళ్ళలో వంగిన మనిషి ఆ రోజు సొంత పొలం ఒడ్డు మీద నిలబడినట్టు నిలబడింది.

నేను అక్కడే చెప్పాను. అది మాగాణి కాదని, మాగణి అని, సాహెబ్ ఇంకా అడిగాడే గానీ ఎవరూ ఇవ్వలేదని, ఇచ్చినా ఆ మళ్ళు మా పరిశోధన కేంద్రానివే తప్ప మనవి కావని. అవ్వ నా వైపు తిరిగి అడిగింది.

"అంత పెద్ద సాబు గూడ అడుక్కోవాల్నా?"

ఏటేటా అడగాలని, సాహెబ్ పైవాళ్ళను అడిగితే వాళ్ళు ముంబైని అడుగుతారని చెప్పాను.

"గట్లయితె మనకేం సిగ్గు. అడుగుమను. నాట్లు ఎవలేస్తరు మరి?"

"కూలోళ్ళే."

"అయితె నన్ను బిలువు. సర్కారు పొలంల ఒడ్డు మీద నిలవడి తిట్టేటోడు ఉండడు గద."

కొత్తగా అడిగేదాన్ని మేము 'నవీన బాబ్' అనేవాళ్ళం, అంటే కొత్త పద్దు. పాత ఖర్చులు నడిచిపోతాయి. కత్తెర ముందు పడేది కొత్తదాని మీదే. ఆ ఏడాది మా ఊరి పద్దు పోయింది. మరుసటి ఏడాదీ పోయింది. ఆ సాహెబ్ ఉన్నంతకాలం మా ఊరి పేరు రాయిస్తూనే ఉన్నాడు, నేను టైపు చేస్తూనే ఉన్నాను. ఆయన బదిలీ అయ్యాక వచ్చినాయన మనసు సోయాబీన్ మీద ఉండేది. అది తప్పని చెప్పలేను, జిల్లా అంతా అప్పుడు సోయాబీన్ వైపే తిరుగుతోంది. మా ఊరి పద్దు జాబితాలో లేకుండా పోయింది. గైరాన్‌లో కంప మళ్ళీ పెరిగింది.

అవ్వ మాత్రం చలి పడగానే అడిగేది, ఈయేడు మాగాణి అడిగిండ్రా అని. రెండు మాటలకూ తేడా ఆమెకు అప్పటికి నాకు తెలిసినంత బాగా తెలుసు. అయినా ఆ ఒక్క దీర్ఘం వదిలిపెట్టలేదు. నా దగ్గరికి నాందేడ్ వచ్చేశాక కూడా అడిగింది. నేను రిటైరైన ఏడాది, ఇంకెవరిని అడగాలి అవ్వా, నేను దిగిపోయాను కదా అంటే, "నువ్వు దిగినవు, సర్కారు దిగలే గద" అంది.

ఆమె చివరి చలికాలం వచ్చింది, పోయింది. అవ్వ అడగలేదు. నేను ఎదురుచూశాను, గొంగళి మడిచి పెట్టెలో పెట్టేదాకా చూశాను. చివరికి నేనే చెప్పాను, ఈయేడు కూడా రాలేదవ్వా అని.

"నేనడిగిన్నా?"

"అడగలే."

"ఇగ అచ్చినా ఏం జేస్త బిడ్డా. నడుమొంగది" అని, తనను అటు పక్కకు తిప్పమంది.

ఇప్పుడు మాగణులు కంప్యూటర్లలో వెళ్తాయట. వాటికి మంచి మంచి పేర్లు ఉంటున్నాయి. పాత సాహెబ్ ఉంటే సగం కొట్టేసేవాడేమో. అడిగే వాటిలో మేలైనవి ఉండకపోవు, ఆ సంగతి తేల్చడానికి నేనెవరిని. కానీ మీ కోసం ఇది అడిగానని గైరాన్ దాకా వచ్చి చెప్పే మనిషి ఇప్పుడు ఉన్నట్టు నేను వినలేదు. మొన్న ఊరికి వెళ్ళినప్పుడు అడిగి చూశాను. సభలో ఏం అడుగుతున్నారో, ఎవరి పేరున అడుగుతున్నారో మా వాడలో ఎవరికీ తెలియదు. ఆ మాట ఎవరి చెవినా పడదు. పడితే కదా తప్పుగానైనా వినేది. తప్పుగా విన్నందువల్లే అవ్వకు అన్నేళ్ళు ఎదురుచూడడానికి ఒక మడి ఉండింది.