"సుజాత ఎవరండీ?"

బహ్రెయిన్‌లో ఉంటున్న తెలుగువాళ్లం కొందరం కలిసి కిందటేడు ఉగాదికి హాస్యనాటిక వేశాం. తుబ్లీలో మా ఫ్లాట్లోనే రిహార్సల్స్. దర్శకులు మూర్తిగారు స్క్రిప్టు పక్కన పెట్టించి, అప్పటికప్పుడు మాటలు కల్పించుకుని ఆడమనేవారు. "ఎదుటివాళ్లు ఏమన్నా కాదనకండి. అదే పట్టుకుని సీను నడపండి" అనేవారు.

నాటకం రోజు నాకు భర్తగా వేసిన రఘుగారు సీను మధ్యలో సోఫాలో కూలబడ్డారు. నాటకంలో నా పేరు కామాక్షి. ఆయన నావైపు చూస్తూ, "సుజాతా, కళ్లు తిరుగుతున్నాయి" అన్నారు. స్క్రిప్టులో ఆ మాట లేదు. నేను తడుముకోకుండా నడుం మీద చెయ్యేసుకుని, "సుజాత ఎవరండీ?" అని నిలదీశాను. హాలంతా గొల్లుమంది. ఆయన మొహమంతా చెమటలు. "దొరికిపోయారుగా, చెమటలు పట్టవూ మరి!" అన్నాను. ఇంకా నవ్వారు.

నవ్వనిది ముందు వరుసలో ఒక్కావిడే. ఆయన అసలు భార్య, సుజాతగారు. "షుగర్ పడిపోయిందండీ ఆయనకి!" అని అరుస్తూ స్టేజీ ఎక్కి, బ్యాగులోంచి చాక్లెట్ తీసి ఆయన నోట్లో పెట్టారు. జనం దానికీ చప్పట్లు కొట్టారు.

కాసేపటికి ఆయన తేరుకున్నారు. మూర్తిగారు ఇప్పుడు రిహార్సల్స్‌లో ఇంకో మాట కలిపి చెబుతున్నారు: "ముందు ఎదుటివాళ్ల మొహం చూడండి. తర్వాత మాట అందుకోండి."

నేను మాత్రం ఏ వేషం వేసినా, కొంగుకి ఒక చాక్లెట్ ముడేసుకునే స్టేజీ ఎక్కుతున్నాను.