కొమురవ్వ గీయించిన రెండు గళ్లు

ఈ ఉదయం ఆరున్నరకు నర్సింహులపేట శివారులోని ఒక దోస తోటలో ఉన్నవాళ్లం ముగ్గురం: తోట రైతు, ఆయన భార్య, నేను. ఉన్న వస్తువులు: పండు ఈగల కోసం కట్టిన ఎర సీసాలు ఆరు, ఖాళీ ఎరువు సంచి ఒకటి, నా నోటుబుక్కు, పాదుల కింద ఏరిన పుచ్చిన కాయలు పదకొండు. ఒక కాయను చాకుతో కోశాను. లోపల తెల్లని పురుగులు కదిలాయి. పులిసిన, కొంచెం తియ్యటి వాసన వచ్చింది. ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు కొమురవ్వ గుర్తుకొస్తుంది. జాబితాలు రాసే అలవాటు నాకు మొదటినుంచీ ఉంది. వాటిలో ఏం రాయాలో నేర్పింది మాత్రం ఆమె.

ఆరేళ్ల క్రితం వ్యవసాయ డిప్లొమా పూర్తిచేసి, కూరగాయల రైతులకు సలహాలిచ్చే చిన్న ఉద్యోగంలో చేరాను. నాకప్పగించిన మొదటి తోట ఆమెది: ఎకరం దోస, అరెకరం పుచ్చ. అరవై దాటిన మనిషి, అక్షరం రాదు. విత్తిన తర్వాత ఎన్నవ రోజున ఏ మందు, ఎంత మోతాదు అని ఏడు వరుసల్లో టైపు చేయించిన కాగితాన్ని ఆమెకు చదివి వినిపించాను. చివరిదాకా ఓపిగ్గా విన్నది.

"గీ తారీకులు పురుగుకు ఎరుకేనా, సారూ?" అని అడిగింది.

మర్నాడు తెల్లవారగానే రమ్మన్నది. కొంగులో గులకరాళ్లు పోసుకొని తోటలోకి దిగింది. అయిదు చోట్ల ఆగి, చోటుకు ఇరవై పాదుల చొప్పున ఆకులు తిప్పి చూసింది. పురుగు పట్టిన పాదు కనిపించినప్పుడల్లా ఒక రాయిని కొంగులోంచి తీసి ఒడిలో వేసుకునేది. చివర్లో రాళ్లు లెక్కపెట్టి, ఆ రోజు మందు అక్కర్లేదన్నది. పుచ్చిన కాయలను గట్టున పారేయనివ్వలేదు. ఎరువు సంచిలో వేసి, మూతి బిగించి ఎండలో పెట్టించింది. లోపలి పురుగులు ఆ వేడికే చస్తాయి. చదువులో నేను రెండు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్న సంగతిని ఆమె ఒక సంచితో చేసేసింది. నేను తెచ్చిన ఎర సీసాలను మాత్రం ముందు నమ్మలేదు. వారం తర్వాత ఒక సీసా విప్పి, అడుగున పడ్డ ఈగలను అరచేతిలో పోసుకొని చూసి, ఇంకో నాలుగు తెమ్మన్నది. ఆ రోజు నాకు కలిగిన గర్వం ఇప్పటికీ గుర్తుంది.

పుచ్చ పూతకొచ్చిన రోజుల్లో కొమురవ్వ కంటి ఆపరేషన్‌కని మహబూబాబాద్ దవాఖానలో చేరింది. ఆకుల అడుగున రసం పీల్చే పేనుబంక కనిపిస్తోందని ఆమె కొడుకు సమ్మయ్య నాకు ఫోన్ చేశాడు. వెళ్లాను. అయిదు చోట్ల చూడాల్సిన వాడిని రెండు చోట్లే చూశాను. కాగితంలో ఆ వారానికి మందు రాసి ఉంది కూడా. వెంటనే కొట్టెయ్యమన్నాను.

"అవ్వ పొద్దుమీకినంక కొట్టాలె అంటది గద, సారూ," అన్నాడు సమ్మయ్య.

సాయంత్రం నాకు వేరే ఊళ్లో పని ఉంది. ఏమీ కాదన్నాను. పూలన్నీ విచ్చుకొని, వాటి మీద తేనెటీగలు తిరుగుతున్న వేళ, ఉదయం ఎనిమిది గంటలకు, నా ఎదుటే మందు కొట్టాడు.

నాలుగు రోజుల తర్వాత ఆమె నల్లద్దాలు పెట్టుకొని తిరిగొచ్చింది. చూపు ఇంకా సరిగా ఆనడం లేదు. గట్టు మీద నిలబడి కాసేపు చెవి పెట్టింది.

"తోటల సప్పుడే లేదేందిరా?" అని కొడుకును అడిగింది.

తేనెటీగలు లేవు. పిందెలు పసుపు పచ్చబడి రాలుతున్నాయి. ఆ అరెకరం పుచ్చ మీదే ఆమె వేసవంతా ఆధారపడి ఉంది. సమ్మయ్య జరిగింది చెప్పాడు. ఆమె నన్ను తిట్టలేదు. నోటుబుక్కులో ఏం రాశానో చదవమన్నది. చదివాను: "పూత రాలింది. కారణం: ఎండలు."

"పక్క తోటల గదే ఎండ గద బిడ్డా. గాడ ఎందుకు రాలలే?"

ఉద్యోగంలో చేరి ఆరు నెలలు కూడా కాలేదనీ, ఉన్నది రాస్తే పై అధికారి చూస్తాడనీ చెప్పాను.

"కొలువు పోతే ఇంకోటి దొరుకుతది. గీ బుక్కు పట్టుకొనే కదా నువ్వు ఇంకో తోటకు పోయేది? ఇంక రెండు గళ్లు గియ్యి. ఒకదాంట్ల తేనెటీగలెన్నో రాయి. ఇంకోదాంట్ల మందు కొట్టుమన్నోని పేరు రాయి."

గీశాను. మొదటి గడిలో సున్నా, రెండో గడిలో నా పేరు. ఆ నెల తనిఖీలో అధికారి ఆ పేజీని రెండుసార్లు చదివి సంతకం పెట్టాడు.

మర్నాటి నుంచి రోజూ ఆరింటికి తోటలో ఉన్నాను. వంగొద్దని డాక్టరు చెప్పడంతో ఆమె గట్టు మీద కూర్చొని చెప్పేది, నేను చేసేవాణ్ని. మగపువ్వు తెంపి, రేకులు తీసి, కింద చిన్న పిందె ఉన్న ఆడపువ్వుకు పుప్పొడి అంటించాలి. అంటించిన పువ్వు పక్కన పాత చీరపేలిక కట్టాలి. ఎండ ముదిరేలోగా ముగించాలి. కలుపు తీయడానికొచ్చిన ఆడవాళ్లు, సారు తేనెటీగ కొలువుల చేరిండని నవ్వారు. సాయంత్రానికి జీతమెంతో కూడా అడిగారు. తొమ్మిది రోజులు అలా చేశాను. పదో రోజు నేను ఒక వరుస మధ్యలో ఉండగా ఆమె చెయ్యెత్తి ఆగమన్నది. నాకేమీ వినబడలేదు. కాసేపటికి ఒక తేనెటీగ నా పక్క పువ్వు మీద వాలింది. పేలిక కట్టిన పూలలో సగానికి పైగా నిలిచాయి. ఆమె వేసవి గడిచింది.

తర్వాత ఘనపూర్ వైపు కొన్నాళ్లు పనిచేసి మళ్లీ ఇటు వచ్చాను. ఎక్కడ పనిచేసినా నోటుబుక్కులో ఆ రెండు గళ్లు గీస్తాను. తప్పు జరిగిన ప్రతిసారీ నా పేరు రాసుకున్నాను. చిత్రంగా, ఆ పేజీలు చూసిన రైతులే నన్ను ఎక్కువగా పిలుస్తారు. మోకాళ్లు సహకరించక కొమురవ్వ ఇప్పుడు బయ్యారంలో కూతురి దగ్గర ఉంటోంది. తోటలో తేనెటీగలు లెక్కపెట్టడం అయిపోగానే ఆమెకు ఫోన్ చేస్తాను. క్షేమం అడగదు. ఈ ఉదయం కూడా ఎత్తగానే, "ఎన్ని?" అన్నది.

వంద పూలకు, పది నిమిషాల్లో, ఇరవై మూడు.