చూడకుండా రాసిన అంకెలు

జూబిలీహిల్స్‌లోని ఆ ఆసుపత్రిలో నన్ను రికార్డుల గదిలోకి తీసుకున్నది నా చేతిరాత చూసి. డాక్టర్ల గిలుకుడు రాతలో ఉన్న కేసు షీట్లను చక్కగా తిరగరాసి ఫైలులో పెట్టాలి. ఎవరితోనూ మాట్లాడనక్కరలేని పని. సొరుగులో నవల దాచుకుని సంతోషంగానే చేసేదాన్ని.

వార్డులో ఒక అలవాటుండేది. రెండు గంటలకోసారి చూడాల్సిన పల్సు, టెంపరేచరు సిస్టర్లు పొద్దున డ్యూటీకి రాగానే మధ్యాహ్నం రెండు దాకా ఒకేసారి రాసేసేవారు. ఒక్కో సిస్టరుకు రెండు వార్డులు. ఎవరూ అడిగేవారు కాదు.

ఫిల్మ్‌నగర్‌లో షూటింగు జరుగుతుంటే నిచ్చెన మీదనుంచి పడ్డ ఒక లైట్‌మన్‌కు మా దగ్గర కాలి ఆపరేషను చేశారు. మూడో రోజు పొద్దున పదకొండింటికి అతను చనిపోయాడు. చార్టులో మాత్రం పన్నెండింటికి పల్సు ఎనభై నాలుగు, రెండింటికి ఎనభై రెండు.

అతని భార్య రహమత్ నగర్ నుంచి రోజూ నడిచి వచ్చి నా గది ముందు మెట్ల మీద కూర్చునేది. ఆమెకు కావాల్సింది ఒకటే.

"పొద్దుగాల ఆయన ఒళ్లు కాలుతున్నదని చెప్పిన చెల్లె, నన్నేమో బయటికి పంపిండ్రు. అప్పుడెవరన్న వచ్చి చూసిండ్రా లేదా? గదొక్కటి చెప్పుండ్రి."

ఆ నెలలోనే యాజమాన్యం కొత్త పద్ధతి పెట్టింది. ఆసుపత్రిలో ఎవరు పోయినా కేసు షీటు డాక్టర్లందరి ముందూ చదివి తప్పెక్కడుందో తేల్చాలి. మొదటి షీటు ఆ లైట్‌మన్‌దే. సూపరింటెండెంటు గారు నా బల్ల దగ్గరికి వచ్చారు.

"ఆ చివరి రెండూ వదిలేసి రాయమ్మా. మొదటి మీటింగులోనే గొడవెందుకు?"

తలూపాను. నాకు కాదనడం చేతకాదు. రాయడానికి కూర్చున్నాక మాత్రం ఉన్నదంతా రాశాను. అది ధైర్యమని ఇప్పటికీ అనుకోను.

ఫైళ్లు అందించడానికి నేనూ ఉన్న ఆ మీటింగులో పెద్ద డాక్టరు పన్నెండింటి దగ్గర ఆగి, మళ్లీ మొదటినుంచి చదివారు. సూపరింటెండెంటు గారు నావైపు చూశారు. ఇకనుంచి చార్టు మంచానికే తగిలించాలని, ప్రతి అంకె పక్కనా సంతకం ఉండాలని తీర్మానించారు. ఆ చార్టు రాసిన సిస్టరును ఆ సాయంత్రమే తీసేశారు. రెండు వార్డులకు ఒక్కరే ఎందుకున్నారన్న మాట రాలేదు. వెళ్తూ ఆవిడ నా గుమ్మం దగ్గర ఆగింది.

"మీ రాత బాగుంటుందండీ," అని వెళ్లిపోయింది.

మర్నాడు అతని భార్యకు అసలు చార్టు చూపించాను. చివరి రెండు అంకెలూ చూడకుండా రాసినవని చెప్పాను. ఆమె పై వరసలో వేలు పెట్టింది.

"మరి గీ ఎనిమిదింటిది?"

అక్కడ జ్వరం లేదనే ఉంది. అదీ ఆ సిరాతోనే, ఆ చేత్తోనే రాసింది. చూసి రాశారో లేదో తెలియదన్నాను.

"పదింటిది?"

అదీ తెలియదన్నాను.

"అయితే తెల్వదనే రాసియ్యి చెల్లె. గదన్న ఇంటికి తీస్కపోత."

అలా రాసివ్వడానికి వీల్లేదని చెప్పాను.