ఆ ఫైలు ఎవరి పేరున ఉంది

మదనపల్లెలో మాకు యునిక్స్ అనే కంప్యూటర్ విద్య నేర్పిన సార్ పోయారని కుప్పం నుంచి మునిరత్నం ఫోన్ చేశాడు. ఆరేళ్లుగా పలకరింపు లేని మనిషి. ఏడుపు కంటే ముందు నాకు అనుమానం వచ్చింది, ఇంతమంది శిష్యులుండగా ఇతనే నాకెందుకు చెబుతున్నాడని. నా బుద్ధే అంత.

సార్‌కీ అనుమానం ఎక్కువే. వేసిన తాళం రెండుసార్లు లాగి చూసేవారు. చర్చి గడియారాన్ని కూడా తన వాచీతో సరిచూసుకునేవారు. "సర్వర్ లేయలేదంటే ముందు లాగ్ సూడు. ఆమీట నువ్వేం సేసినావో గుర్తు తెచ్చుకో. మనుషుల్ని ఆఖర్న అనుమానించు" అనేవారు. లాగ్ అంటే సర్వర్ తాను చేసే ప్రతి పనీ రాసిపెట్టుకునే ఫైలు. నేను సరిగ్గా తలకిందులుగా చేశాను, మీకు చెప్పుకోవలసింది అదే.

నేనూ మునిరత్నమూ ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్లం. రైతులకు టమాటా ధరలు చూపించే వెబ్‌సైటు మాది. అతను పుంగనూరు నుంచి బస్సులో వచ్చేవాడు. ఒక సోమవారం పొద్దున కరెంటు పోయి వచ్చాక ఆ సైటును నడిపే వెబ్ సర్వర్ లేవలేదు. కమాండ్ కొట్టగానే లేస్తుంది, పడిపోతుంది. మండీలో లారీలు నిండుతున్నాయి, రైతుల ఫోన్లు ఆగడం లేదు. అంతకు ముందువారమే మునిరత్నం సెలవు కోసం మేనేజర్‌తో గొడవపడ్డాడు. కచ్చకొద్దీ అతనే ఏదో చేసుంటాడని మేనేజర్ చెవిన వేసింది నేనే. మధ్యాహ్నానికల్లా ఉద్యోగంలోంచి తీసేస్తానని చెప్పి మేనేజర్ అతన్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టాడు.

సార్‌ని పిలిపించాం. ఆయన కీబోర్డు ముట్టరు. చేతులు వెనక్కి కట్టుకుని కుర్చీ వెనక నిలబడి మన చేతే చేయిస్తారు. లాగ్‌లో కొత్త లైను ఒక్కటీ లేదు.

"లాగ్ రాయడానికే సేతకాకుండా ఉండాది. ఆ ఫైలు ఎవరి పేరున ఉండాదో సూడప్పా."

మామూలు యూజర్ పేరున ఉండాల్సిన ఫైలు, అన్ని అధికారాలూ ఉండే రూట్ పేరున ఉంది. పుట్టింది ఆదివారం సాయంత్రం. ఆ ఆదివారం ఆఫీసుకొచ్చింది నేనొక్కణ్ణే. పాత లాగ్ తీసేసి, తొందరలో రూట్‌గానే సర్వర్ స్టార్ట్ చేసి ఇంటికెళ్లాను. అలా కొత్త లాగ్ రూట్ పేరున పుట్టింది, కరెంటు వచ్చాక మామూలు యూజర్‌గా లేచిన సర్వర్ అందులో రాయలేక పడిపోతోంది.

సార్ నా చేతే ఆ ఫైలును మామూలు యూజర్ పేరుకు మార్పించారు, సర్వర్ లేచింది. నా ముఖం చూస్తూ కాసేపు నిలబడ్డారు. నేను మేనేజర్ దగ్గరికెళ్లి మిషన్ తప్పన్నాను. మునిరత్నం ఉద్యోగం నిలిచింది గానీ, ఆ తర్వాత అతనికి ఎవరూ పాస్‌వర్డ్ చెప్పలేదు. నాలుగు నెలలు ఓర్చుకుని కుప్పం వెళ్లిపోయాడు. సార్ ఎక్కడ బయటపెడతారోనని నేను ఆయన వీధి తొక్కడం మానేశాను. అన్నం పెట్టే విద్య నేర్పిన మనిషిని అలా తప్పించుకు తిరిగాను.

సమాధి దగ్గర మట్టి వేశాక మునిరత్నం పక్కకెళ్లి నిలబడ్డాను.

"ఆ పొద్దు ఆ ఫైలు... నేనేప్పా."

"తెలుసులే. ఆ సాయంత్రమే సార్ బస్టాండుకాడికొచ్చి సెప్పినారు. నువ్వే వచ్చి సెప్తావంట, నన్ను అడగొద్దన్నారు."

మునిరత్నం చేతికంటిన మట్టి దులుపుకున్నాడు.

"ఎప్పుడు ఫోన్ సేసినా, వాడొచ్చినాడా అని అడిగేవారు. మొన్న ఆస్పత్రిలో గూడా అడిగినారు. ఇంకా రాలేదు సార్ అని సెప్పినా."

ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడల్లా వెనక ఆయన ఉన్నట్టే ఉంటుంది. చేతులు వెనక్కి కట్టుకుని, కీబోర్డు ముట్టకుండా, నేనే కొడతానని కాచుకుని నిలబడి ఉంటారు.