గాలిలో తేలిన బొగ్గు

1962 వానాకాలం. ఆసిఫాబాదు పోయే తోవలో కొత్త బొగ్గు గనికి చోటు చూస్తున్నారు. నేను ప్లానింగ్ ఆఫీసులో స్టాటిస్టికల్ అసిస్టెంటును. బోర్లు వేసి బొగ్గు ఎంత లోతున తగిలిందో చూస్తారు. బోరు లేని చోట లోతు అంచనా కట్టడం నా పని.

మా ఆఫీసరు గారికి సూత్రాల పిచ్చి. బోర్లు ఎన్ని ఉంటే సూత్రంలో పారామీటర్లు, అంటే మనం సరిచేసుకునే అంకెలు, అన్ని పెట్టాడు. అన్ని పెడితే లెక్క ప్రతి బోరు దగ్గరా సరిపోక ఏం చేస్తుంది? బోర్ల నడుమ మాత్రం దాని ఇష్టారాజ్యం! ఆ లెక్కన, అక్కడి ఊళ్లో రాజవ్వ అనే ముసలామె వరి మడిలో బొగ్గు చాలా పైనే ఉందట. గనిలోకి దిగే షాఫ్టు అక్కడే తవ్వాలన్నాడు. రాజవ్వకున్న భూమల్లా ఆ మడే.

నాది నాన్‌పారామెట్రిక్ పద్ధతి. భూమి లోపలి ఆకారాన్ని ముందే తేల్చెయ్యకుండా, దగ్గరి బోర్ల మాట ఎక్కువ, దూరపు వాటి మాట తక్కువ వినడం. ఆ మడి దగ్గర్లో బోరే లేదు.

"అక్కడ ఏముందో తెలియదు సార్. కోతలయ్యాక ఒక బోరు వేసి చూద్దాం," అన్నాను.

"తెలియదని చెప్పడానికా నీకు జీతం?"

ఒళ్లు మండింది. తెలిసిన బోరు ఒకటి దాచిపెట్టి, మిగతావాటితో దాని లోతు చెప్పి చూద్దామన్నాను. నా అంచనా కొద్ది అడుగుల్లో తప్పింది. ఆయన సూత్రమైతే బొగ్గును నేలకు పైన, గాలిలో చూపించింది!

"అయితే ఆ బోరే తప్పు," అన్నాడు మహానుభావుడు. "రాజవ్వ మడిలో రేపే బోరు దించి నీ నోరు మూయిస్తా."

దించారు. అప్పుడప్పుడే పచ్చబడుతున్న నాటు మీద లారీలు, మిషను, మనుషులు. సూత్రం చెప్పిన లోతు దాటి ఎంత పోయినా బొగ్గు జాడ లేదు. షాఫ్టు ఇంకో చోటికి మారింది.

శుభవార్త కదా అని నేనే వెళ్లి చెప్పాను. "భూమి నీకే ఉన్నదవ్వా. బొగ్గు లేదు."

రాజవ్వ గట్టు మీద నిలబడి బురదనే చూస్తోంది.

"గీడ ఏమున్నదో తెల్వదని నీకు ముందుగాల్నే ఎరుకనా సారూ?"

"ఎరుకనే అవ్వా. చెప్పిన. సారు వినలే."

"కోతలయ్యేదాక ఆగితే బొగ్గు యాడికన్న ఉరుకునా? జర గట్టిగ చెప్పకపోతివి!"

ఆ తర్వాత నా మ్యాపుల్లో బోరు లేని చోటల్లా 'తెలియదు' అని ఎర్ర సిరాతో, బెత్తెడు అక్షరాల్లో రాశాను. అది కూడా అంచనాయే, అన్నిటికంటే గట్టిగా చెప్పవలసింది. ఆఫీసరు చేత తిట్లు తిన్నాను. రాజవ్వ ఇంట్లో ఆ ఏడు సొంత బియ్యం ఉడకలేదు.